టీటీ సూది కడుపులో బిడ్డకు ఎలా చేరుతుంది?



మన పాలమూరు పల్లెల్లో బుధవారం, శనివారం టీకాల రోజులు. సబ్‌సెంటర్ వరండాలో గర్భిణులు వరుసగా కూర్చుంటారు. ఏఎన్ఎం ఒక్కొక్కరి కార్డు చూసి, జబ్బకు సూది వేసి, దూది అదిమి పట్టుకొమ్మని చెప్పి, కార్డులో తేదీ రాస్తుంది. అట్లాంటి ఒక రోజున ఓ కోడలుపిల్ల అడిగింది: "సూది నా జబ్బకిస్తివి గదక్కా, కడుపుల ఉన్న పిల్లకెట్ల పోతది?"

"రక్తంల కలిసి పోతది" అని ఏఎన్ఎం జవాబు. బయట ఇంకా అంతమంది కూర్చుని ఉంటే ఆమె మాత్రం అంతకంటే ఏం చెబుతుంది! కానీ అసలు చిక్కంతా అక్కడే ఉంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మాయలో రెండూ పక్కపక్కనే పారుతాయి గానీ మధ్యలో పల్చటి పొర అడ్డం ఉంటుంది. ప్రాణవాయువు, చక్కెర లాంటి చిన్న అణువులు ఆ పొర దాటిపోతాయి. టీటీ సూది వల్ల తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ అనే రక్షణ ప్రొటీన్ అట్లా కాదు. గ్లూకోజ్ అణువుకంటే 800 రెట్లకు పైగా బరువుంటుంది. దానంతట అది పొర దాటడం జరిగే పని కాదు. ఎవరో పట్టుకుని దాటించాలి. ఆ దాటించే ప్రొటీన్ గురించే ఇవాళ నా మాట. దాని పేరు నియోనేటల్ ఎఫ్‌సీ రిసెప్టర్. డాక్టర్లు పొట్టిగా ఎఫ్‌సీఆర్ఎన్ అంటారు. మనం గ్రాహకం అనుకుందాం.

అది లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే మన పెద్దవాళ్లు చూసిన ఒక జబ్బును గుర్తు చేసుకోవాలి. బిడ్డ పుడుతుంది, ఏడుస్తుంది, రెండు రోజులు చక్కగా పాలు తాగుతుంది. మూడో రోజు తర్వాత, చాలాసార్లు మొదటి వారం రెండో వారంలో, ఉన్నట్టుండి చనుమొన పట్టుకోలేకపోతుంది. దవడలు బిగుసుకుంటాయి. ముట్టుకుంటే చాలు, తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. గాలి సోకిందనేవాళ్లు, దిష్టి తగిలిందనేవాళ్లు. అది ధనుర్వాతం. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో రాసినప్పుడు, మట్టిలోని సూక్ష్మజీవి ఆ పచ్చి పుండులో చేరి విషం తయారు చేస్తుంది. పుట్టిన బిడ్డకు ఆ రోజే టీకా వేసినా లాభం లేదు. టీకాకు స్పందించి యాంటీబాడీలు తయారు చేసుకునేలోపే జబ్బు రావచ్చు. కాబట్టి బిడ్డ భూమ్మీద పడేసరికే ఆ రక్షణ ఒంట్లో సిద్ధంగా ఉండాలి. అది తల్లి దగ్గరి నుంచే రావాలి.

మన దేశంలో 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. గర్భిణులకు ధనుర్వాతం రాకుండా వేసే టీటీ అందులో భాగం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశంలో ముందు వరుసలో నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం 2003లో సర్వే చేసి, ఉమ్మడి రాష్ట్రంలో నవజాత శిశువుల ధనుర్వాతం నిర్మూలన అయిందని ధ్రువీకరించారు. అప్పటికి మన మహబూబ్‌నగర్, నల్లగొండ ఆ రాష్ట్రంలోవే. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో దక్కింది. నిర్మూలన అంటే జబ్బు మాయమైందని కాదు. ప్రతి జిల్లాలోనూ పుట్టిన ప్రతి 1000 మంది బిడ్డల్లో ఒక్క కేసు కూడా నిండకుండా ఉండాలని దాని లెక్క. సూక్ష్మజీవి మాత్రం మన ఎర్ర నేలలో, కొట్టంలో, పెంటకుప్పలో ఎప్పటిలాగే ఉంది. మశూచిలాగా దీన్ని భూమ్మీద నుంచి తుడిచెయ్యడం కుదరదు. అందుకే ప్రతి కాన్పుకూ సూది కావాలి. ఇప్పుడు టీటీకి బదులు డిఫ్తీరియా టీకా కూడా కలిపిన టీడీ ఇస్తున్నారు. ఊళ్లో మాత్రం ఇంకా టీటీ సూదే అంటారు, నేనూ అట్లాగే అంటాను.

ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, శుభ్రమైన బ్లేడు వచ్చింది, బొడ్డుకు ఏమీ రాయొద్దని ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆ పేరంతా టీకా ఒక్కదానికే కట్టబెట్టడం న్యాయం కాదు. అయితే ఆ టీకా పని చెయ్యడానికి వెనకాల ఉన్న గ్రాహకం పేరు మాత్రం ఏ పోస్టరు మీదా నాకు కనపడలేదు.

దీని జాడ మొదట పట్టినాయన డాక్టరు కాదు, జంతుశాస్త్రవేత్త. ఫ్రాన్సిస్ విలియం రోజర్స్ బ్రాంబెల్. డబ్లిన్‌లో పుట్టి, వేల్స్ దేశంలోని బాంగర్‌లో ప్రొఫెసర్‌గా పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అడవి కుందేళ్ల మీద పరిశోధన చేస్తూ, కడుపులోనే చచ్చిపోతున్న పిల్లల సంగతి చూస్తున్నాడు. తల్లి రక్తంలోని ప్రొటీన్లు కుందేలు పిల్లల్లో కనపడ్డాయి. అన్నీ సమానంగా రాలేదు, కొన్నిటినే ఎవరో ఏరి పంపినట్టుంది. అట్లా ఏరాలంటే వాటిని గుర్తుపట్టి పట్టుకునేది ఒకటి ఉండాలని ఊహించాడు. ఆ తర్వాత 1964లో ఇంకో అడుగు వేశాడు. బిడ్డకు యాంటీబాడీలను పంపే ఏర్పాటే, పెద్దవాళ్లలో అవే యాంటీబాడీలు తొందరగా అరిగిపోకుండా కాపాడుతుండాలి అన్నాడు. అప్పటికి ఆ ప్రొటీన్‌ను ఎవరూ కళ్లతో చూడలేదు. ఇదే బ్రాంబెల్ పెంపుడు పశువుల బాగోగుల మీద బ్రిటన్ ప్రభుత్వం వేసిన సంఘానికి అధ్యక్షుడు. 1965లో వచ్చిన ఆ సంఘం నివేదికను పశువైద్యులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన 1970లో పోయాడు. గ్రాహకం తాలూకు జన్యువును సిమిస్టర్, మోస్టోవ్ అనే ఇద్దరు 1989లో పట్టుకున్నారు. అదీ పసి ఎలుక పేగులో. నియోనేటల్ అనే పేరు అట్లా వచ్చి అతుక్కుంది. నిజానికి అది ఎనభై ఏళ్ల ముసలాయన ఒంట్లోనూ రాత్రింబగళ్లు పని చేస్తూనే ఉంటుంది.

ఆ పని ఎట్లా చేస్తుందో కొంచెం నిదానంగా చెప్పాలి.

మన రక్తనాళాల లోపలి గోడ మీద ఉండే కణాలు చుట్టూ ఉన్న రక్తద్రవాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతుంటాయి. ఏది మంచిది, ఏది కాదు అని చూడవు. తాగిందాన్ని చిన్న సంచుల్లో పెట్టుకుంటాయి. ఆ సంచి లోపల క్రమంగా పులుపెక్కుతుంది. అంటే ఆమ్లం పెరుగుతుంది. చివరికి అందులో ఉన్న ప్రొటీన్లన్నీ ముక్కలైపోవాలి. కానీ ఈ గ్రాహకం ఆ సంచి గోడకే అంటుకుని కాచుకుని ఉంటుంది. పులుపు పెరిగి పీహెచ్ ఆరు దగ్గరికి దిగగానే ఐజీజీ అనే రకం యాంటీబాడీని గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని మళ్లీ కణం అంచుకు తీసుకొస్తుంది. అక్కడ రక్తం పీహెచ్ 7.4. పులుపు లేదు. పట్టు దానంతట అదే సడలి, ఐజీజీ తిరిగి రక్తంలో పడుతుంది. పట్టు దొరకని ప్రొటీన్లు సంచిలోనే అరిగిపోతాయి. మన ఆడవాళ్లు చేటతో చెరుగుతారే, పొట్టు ఎగిరిపోయి గింజ చేటలో నిలుస్తుంది, అట్లా నిలబెడుతుంది ఇది. యాంటీబాడీ ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది కదా, రెండు చేతులూ సూక్ష్మజీవిని పట్టుకోవడానికి. కింద కాడలా ఉండేది ఎఫ్‌సీ భాగం. గ్రాహకం పట్టుకునేది ఆ కాడనే.

దీనివల్ల ఒరిగిందేమిటో లెక్కలో చూడండి. ఐజీఎం రకం యాంటీబాడీలు అయిదారు రోజుల్లో సగానికి తగ్గిపోతాయి. ఐజీజీ సగానికి తగ్గడానికి దాదాపు 21 రోజులు పడుతుంది. రక్తంలో ఉండే ఆల్బుమిన్ కూడా అంతకాలం ఉంటుంది. ఎందుకో చాలా ఏళ్లు తెలియలేదు. ఆల్బుమిన్‌ను కూడా ఇదే గ్రాహకం కాపాడుతోందని 2003లో తేలింది. గ్రాహకం పక్కన బీటా-టు మైక్రోగ్లోబులిన్ అనే చిన్న ప్రొటీన్ తోడుగా ఉండాలి, లేకపోతే అది నిలబడదు. దగ్గరి బంధువుల పెళ్లికి పుట్టిన ఇద్దరు తోబుట్టువుల్లో ఆ తోడు ప్రొటీన్ కరువై, ఐజీజీ, ఆల్బుమిన్ రెండూ తక్కువైపోయాయని 2006లో ఒక పరిశోధన చూపించింది. మేనరికాలు మన దగ్గర మామూలు కాబట్టి చెబుతున్నాను. అయితే ఇది అరుదైన జబ్బు, మేనరికం చేసుకున్నవాళ్లు భయపడాల్సిన పని లేదు.

మాయ దగ్గర ఇదే గ్రాహకం ఇంకో దారి పట్టిస్తుంది. మాయ కణం తల్లి వైపు నుంచి ద్రవాన్ని తాగుతుంది. గ్రాహకం ఐజీజీని పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పంపకుండా, పొర అవతల బిడ్డ వైపు వదులుతుంది. మనుషుల్లో ఇది గర్భం 13వ వారం దగ్గర మెల్లగా మొదలవుతుంది. ఏడో నెల దాటి ఎనిమిదో నెలలోకి వచ్చేసరికి బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి రక్తంలో ఉన్నదాంట్లో సగానికి చేరుతుంది. చివరి నాలుగైదు వారాల్లో వేగం పుంజుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో తల్లి రక్తంలో కంటే కూడా ఎక్కువ ఐజీజీ ఉంటుంది. తల్లి తనకున్నదాని కంటే ఎక్కువ ఇవ్వడం మాటవరసకు అనుకుంటాం, ఇక్కడ ల్యాబ్ రిపోర్టులోనే కనపడుతుంది.

బర్రె సంగతి వేరు. గొర్రె, మేక కూడా అంతే. వాటి మాయ పొరలు మందం, యాంటీబాడీలు దాటవు. దూడ పుట్టేసరికి దాని రక్తంలో తల్లి ఇచ్చిన రక్షణ దాదాపు ఏమీ ఉండదు. ఉన్నదంతా ముర్రుపాలలోనే. పుట్టిన మొదటి రోజు దూడ పేగులు ఆ యాంటీబాడీలను అట్లాగే రక్తంలోకి పీల్చుకుంటాయి. 24 గంటలు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని ముర్రుపాలు తాగించినా అది తిండే, రక్షణ రక్తంలోకి పోదు. గొర్రెల మందలకు పేరున్న జిల్లా మనది. ఈతకాలంలో తల్లి పొదుగు ఇవ్వని పిల్లను పట్టుకుని బలవంతంగా నోటికి చన్ను అందించే గొల్లకురుమలకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. జున్ను మీద ఆశ కొద్దీ మొదటి పూట పాలు పిండుకునేవాళ్లకు మాత్రం గుర్తు చెయ్యాలి. మొదటి పూట దూడది. జున్నుకు రెండో రోజు పాలు చాలు.

మన పిల్లలకు కూడా ముర్రుపాలు తప్పకుండా పట్టాలి, పుట్టిన గంటలోపే. కాకపోతే మనుషుల ముర్రుపాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ. అది పేగుల్లోనే ఉండి అక్కడ కాపలా కాస్తుంది. రక్తంలో కాపలా కాసే ఐజీజీ ముందే మాయ ద్వారా వచ్చేసి ఉంటుంది. ధనుర్వాతం విషం రక్తంలో, నరాల్లో పని చేస్తుంది కాబట్టి అక్కడ ఐజీజీయే కావాలి.

ఐజీజీ మాయ దాటే ఆ వారాల లెక్క మన జిల్లాకు ఎందుకు ముఖ్యమంటే, పాలమూరు ఆడవాళ్లు కడుపుతో ఉన్నా పని మానరు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి పుణెకు, ముంబైకి బస్సెక్కి వెళ్లే జంటల్లో ఆరో నెల, ఏడో నెల గర్భిణులు ఉంటారు. కార్డు ఇక్కడ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది, మనిషి అక్కడ కట్టడం దగ్గర రేకుల షెడ్డులో ఉంటుంది. మొదటి సూది గర్భం అని తెలియగానే వేయించుకోవాలి. నాలుగు వారాలకు రెండోది. గత మూడేళ్లలో రెండు సూదులూ పడి ఉంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు. ఎందుకు తొందర అంటే, సూది పడ్డాక తల్లి ఒంట్లో యాంటీబాడీలు పెరగడానికి వారాలు పడుతుంది, పెరిగినవి మాయ దాటడానికి ఇంకొన్ని వారాలు. కాన్పుకు నాలుగు రోజుల ముందు వేసిన సూది తల్లికి పనికొస్తుంది, ఆ బిడ్డకు పెద్దగా అక్కరకు రాదు. బరువులు మోసి, నీళ్లు తక్కువై, రక్తహీనతతో ఎనిమిదో నెలలోనే కాన్పయితే, ఐజీజీ దండిగా దాటే ఆ చివరి వారాలే బిడ్డకు లేకుండా పోతాయి. నెలలు నిండని పిల్లలకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావడానికి ఇదొక కారణం. వలస వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కార్డు ట్రంకులో పెట్టొద్దు, కొంగున కట్టుకుని పొండి. అది ఏ రాష్ట్రం సబ్‌సెంటర్‌లో చూపించినా సూది వేస్తారు.

ఇంకో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మీజిల్స్ టీకా, అంటే తట్టు టీకా, పుట్టగానే ఎందుకు వెయ్యరు, తొమ్మిది నెలలు నిండేదాకా ఎందుకు ఆగుతారు? తల్లి ఇచ్చిన ఐజీజీ నెలల తరబడి బిడ్డ రక్తంలో తిరుగుతుంటుంది. గ్రాహకం దాన్ని కాపాడుతూనే ఉంటుంది. టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను ఆ ఐజీజీ ముందే పట్టి అణిచేస్తుంది. బిడ్డ ఒళ్లు పాఠం నేర్చుకునే అవకాశమే ఉండదు. తల్లి ఇచ్చింది తగ్గిపోయాక టీకా పడాలి. మరీ ఆలస్యమైతే ఆ మధ్యలో తట్టు పొయ్యొచ్చు. మన దేశంలో తొమ్మిది నెలలని పెట్టుకున్నది ఆ రెండు ప్రమాదాల నడుమ చూసుకునే.

ఇప్పటిదాకా గ్రాహకాన్ని పొగిడాను. ఇక దాని రెండో ముఖం.

చేటకు గింజ తెలుసు గానీ, అది తిండిగింజా విషపుగింజా అన్నది తెలియదు. గ్రాహకం పట్టుకునేది కాడను. ఆ యాంటీబాడీ చేతులు దేన్ని పట్టుకుంటాయో దానికి అక్కర్లేదు. ధనుర్వాతం విషాన్ని పట్టుకునే యాంటీబాడీని ఎంత శ్రద్ధగా దాటిస్తుందో, బిడ్డ రక్తకణాలనే పట్టి పగలగొట్టే యాంటీబాడీని అంతే శ్రద్ధగా దాటిస్తుంది. తల్లి బ్లడ్ గ్రూపు నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు జరిగేది ఇదే. మొదటి కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒళ్లు దాన్ని పరాయిదిగా ఎంచి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. రెండో గర్భంలో అవి మాయ దాటి బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తాయి. బిడ్డకు పచ్చకామెర్లు, రక్తలేమి, కొన్నిసార్లు కడుపులోనే ప్రాణం పోవడం. దీనికి నివారణ చాలాకాలంగా ఉంది. 28వ వారంలో ఒకసారి, కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్. నెగటివ్ గ్రూపు ఆడవాళ్లు మన దగ్గర తక్కువే గానీ లేకపోలేదు. గర్భస్రావం అయినా కూడా ఈ ఇంజెక్షన్ అడిగి వేయించుకోవాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే.

అట్లాగే మయస్థీనియా గ్రేవిస్ అని ఒక జబ్బు. పొద్దున లేవగానే బాగానే ఉంటుంది, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి. జొన్నరొట్టె మొదటి తుంపు బాగా నములుతారు, సగం రొట్టె అయ్యేసరికి దవడ అలిసిపోతుంది, చేత్తో గడ్డం ఎత్తిపట్టుకుని నమలాల్సి వస్తుంది. మాట ముక్కుతో వచ్చినట్టుంటుంది. కండరం మీద నరం ఇచ్చే సందేశాన్ని అందుకునే చోట సొంత ఐజీజీ అడ్డుపడుతుంది. ఈ జబ్బున్న తల్లికి పుట్టిన బిడ్డల్లో కొందరు మొదటి కొన్ని వారాలు మెత్తగా, పాలు పీల్చలేక ఉంటారు. తల్లి ఐజీజీ అరిగిపోయాక వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు.

ఇక్కడే వైద్యానికి ఒక కొత్త ఆలోచన తట్టింది. సొంత ఒంటిని కొరికే ఐజీజీని కూడా ఈ గ్రాహకమే కాపాడుతోంది కదా. దాని చేతులు కాసేపు కట్టేస్తే? ఐజీజీ కాపాడేవాడు లేక తొందరగా అరిగిపోతుంది, దానితోపాటు చెడ్డదీ పోతుంది. అమెరికాలో శాలీ వార్డ్ బృందం ఐజీజీ కాడను కాస్త మార్చి, పులుపు ఉన్నా లేకున్నా గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుని వదలకుండా చేసింది. ఆ దారిలో వచ్చిన మందు ఎఫ్గార్టిజిమాడ్. అందులో యాంటీబాడీ చేతులుండవు, ఒట్టి కాడ. గ్రాహకం దానికే చిక్కుకుని, మిగతావాటిని పట్టించుకోదు. 167 మంది మయస్థీనియా రోగుల మీద జరిగిన పరీక్షలో, ఆ జబ్బు తెచ్చే ప్రధాన యాంటీబాడీ ఉన్నవాళ్లలో 68 శాతం మందికి రోజువారీ పనుల్లో మెరుగు కనిపించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 30 శాతం. అమెరికా ఔషధ సంస్థ 2021 డిసెంబర్‌లో దానికి అనుమతి ఇచ్చింది. ఈ తరహాలో అది మొట్టమొదటి మందు. తర్వాత 2023లో రోజనాలిక్సిజుమాబ్, 2025లో నిపోకాలిమాబ్ వచ్చాయి. రక్తంలో మొత్తం ఐజీజీ సగానికి పైగా పడిపోతుంది కాబట్టి ఇన్ఫెక్షన్ల మీద కన్నేసి ఉంచాలి. మందు ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ మామూలుకు వస్తుంది.

నిపోకాలిమాబ్‌ను గర్భిణుల మీదే పరీక్షించారు. ఇంతకుముందు గర్భంలో రక్తకణాలు పగిలే జబ్బుతో బిడ్డను కోల్పోయిన లేదా కోల్పోయే పరిస్థితి దాకా వెళ్లిన 13 మంది తల్లులకు ఇచ్చి చూస్తే, ఏడుగురు కడుపులో బిడ్డకు రక్తం ఎక్కించే అవసరమే లేకుండా 32 వారాలు దాటాక కన్నారు. 2024లో ఆ ఫలితం ప్రచురించారు. పదముగ్గురంటే చిన్న సంఖ్య. కానీ మాయ దగ్గర ఆ దారిని మూసి బిడ్డను కాపాడొచ్చని మనుషుల్లో కనపడటం అదే మొదలు. మంచి ఐజీజీ కూడా తగ్గుతుంది కదా, పుట్టిన బిడ్డకు అవసరమైతే బయటి నుంచి ఐజీజీ ఇస్తారు.

ధర మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ఎఫ్గార్టిజిమాడ్ అమెరికాలో వచ్చినప్పుడు ఒక రోగికి ఏడాది ఖర్చు 2 లక్షల డాలర్లు దాటింది. జడ్చర్లలోనో వనపర్తిలోనో రెప్పలు వాలిన రైతుకు ఇవాళ ఆ మందు పేరు చెప్పడం తప్ప చెయ్యగలిగింది లేదు. పైరిడోస్టిగ్మిన్ మాత్రలు, స్టెరాయిడ్లు ఉన్నాయి, చవకే. జబ్బు ముదిరి ఊపిరి ఆడకపోతే హైదరాబాద్ పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో ప్లాస్మా మార్పిడి చేస్తారు. రక్తంలోని ద్రవాన్ని తీసేసి చెడ్డ ఐజీజీని బయటికి పంపడం. గ్రాహకాన్ని కట్టేసే మందు చేసే పనినే యంత్రం మోటుగా చేస్తుంది, అయినా ప్రాణం నిలబెడుతుంది. రోగులకు ఎక్కువ మోతాదులో ఇచ్చే ఐవీఐజీ, అంటే నరంలోకి ఎక్కించే ఐజీజీ, కూడా కొంతవరకు ఇదే సూత్రం. బయటి ఐజీజీతో గ్రాహకాలన్నీ నిండిపోతే, చెడ్డ ఐజీజీకి చోటు దొరకదు.

ధర తగ్గదని మాత్రం నేను అనుకోను. రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ యాంటీబాడీ కూడా ఒకప్పుడు మనకు అందనిదే. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో దాన్ని పోలిన బయోసిమిలర్ మందును రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఆ మందు ఒకసారి ఎక్కిస్తే వారాల తరబడి రక్తంలో ఉండి పని చేస్తుంది. కారణం మళ్లీ ఈ గ్రాహకమే, దాని కాడ మనిషి ఐజీజీ కాడ. 1986లో మొదటి యాంటీబాడీ మందు వచ్చినప్పుడు అది ఎలుక యాంటీబాడీ. మనిషి గ్రాహకం దాన్ని గుర్తుపట్టలేదు, తొందరగా పోయేది. ఇప్పుడు గ్రాహకాన్ని కట్టేసే మందులకు వ్యతిరేక దిశలో కూడా ఆట మొదలైంది. కాడలో రెండు మూడు అమైనో ఆమ్లాలు మార్చి, పులుపులో పట్టు ఇంకా బిగిస్తే, యాంటీబాడీ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. పసిపిల్లల ఊపిరితిత్తులకు పట్టే ఆర్ఎస్‌వీ అనే వైరస్‌కు నిర్సెవిమాబ్ అనే ఒక్క ఇంజెక్షన్ ఆ సీజన్ అంతా కాస్తుంది. దాని అర్ధాయువు 70 రోజుల దాకా ఉంటుంది.

చివరిగా మన పొలాల సంగతి ఒకటి. వేరుశనగ పీకేటప్పుడు, రాత్రి మోటరు వెయ్యడానికి వెళ్లినప్పుడు పాముకాట్లు మనకు కొత్త కాదు. ఆసుపత్రిలో ఇచ్చే విషనాశని గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు. గుర్రం యాంటీబాడీని అట్లాగే ఇస్తే రియాక్షన్లు ఎక్కువని, కాడను ఎంజైముతో కోసేసి రెండు చేతుల భాగాన్నే సీసాల్లో నింపుతారు. కాడ లేదు కాబట్టి మన గ్రాహకం దాన్ని పట్టుకోదు. మన సొంత ఐజీజీలా వారాల తరబడి నిలవదు, రోజుల్లోనే బయటికి పోతుంది. ఆ లోపల కాటు పడ్డ చోట కండలో దాగిన విషం ఇంకా మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతూ ఉండొచ్చు. పింజర కాటులో అది తరచూ జరుగుతుంది. సెలైన్ పెట్టారు, మందు ఎక్కించారు, రక్తం గడ్డకడుతోంది, మనిషి లేచి కూర్చున్నాడు, ఇంక ఇంటికి తీసుకుపోతామని సాయంత్రానికే సంతకం పెట్టి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. అట్లా చెయ్యొద్దు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. ఆ పరీక్షను ఆరు గంటలకోసారి మళ్లీ చేస్తారు. ఒకసారి గడ్డకట్టిన రక్తం మర్నాడు మళ్లీ గడ్డకట్టకపోతే ఇంకొన్ని సీసాలు ఎక్కించాల్సి ఉంటుంది. డాక్టరు పొమ్మనేదాకా మంచం ఖాళీ చెయ్యకండి.